ముట్టని పళ్లెం

మా మరిది పెళ్లి విందు. మా ఇళ్లల్లో ఒక్కో ఇల్లాలు సొంతంగా చేసిన బిస్కెట్లు తెచ్చి బల్ల మీద పెడుతుంది. అందరి పళ్లేలూ ఖాళీ అయ్యాయి. నాది ఎవరూ ముట్టలేదు.

"నిరుడు అన్నయ్య ప్రాణం తీయడానికి అన్నంలో కలిపిందే ఇందులోనూ కలిపి ఉంటుంది," అంది ఆడపడుచు, నాకు వినపడాలనే.

అత్తయ్య లేచి వచ్చారు. నా పళ్లెంలోంచి ఒకటి తీసి అందరి ముందూ కరకరా నమిలారు. మరొకటి తీసుకున్నారు. "కోడలు చేస్తే గుల్లగా వస్తాయి, తినండర్రా!"

అప్పుడు ఒక్కొక్కరే చెయ్యి చాచారు.

పళ్లేలు కడుగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. "మీరొక్కరే నన్ను నమ్మారు, అత్తయ్యా."

నా మోచేతి మీద మా ఆయన పెట్టిన వాతలను ఆవిడ మెల్లగా తడిమారు.

"నమ్మేదేముందే? వాడి అన్నంలో కలిపిన చెయ్యి నాదేగా."