దుర్గవ్వ చెప్పిన పేరు

"మందు లేదు పోచయ్యా. ఇగ నా తాన లేదు," అంది దుర్గవ్వ.

గడప ముందు కూర్చున్న పోచయ్య పచ్చబడిన కళ్లెత్తి చూశాడు. కొండపాక నుంచి మొదటి బస్సుకు, పరగడుపున వచ్చాడు. సిద్దిపేటలో ఆదివారం పొద్దున కామెర్లకు పసరు పోసేది దుర్గవ్వ ఒక్కతే.

ఆ మాట విని, మందుల మీద పరిశోధన చేసే సోమశేఖర్ వాకిట్లోనే ఆగిపోయాడు. చేతిలో కొత్త చీర. చంకలో, అంచుల్లో రంధ్రాలున్న కంప్యూటర్ కాగితాలు.

"ఎందుకు లేదవ్వా?"

"నీకు ఆకు పేరు జెప్తి గద సారూ. పేరు చెప్పినంక నా చేతిల గుణముండదు."

నెల కిందట హైదరాబాద్ నుంచి వచ్చి, గంటసేపు బతిమాలి, ఆ పేరు రాసుకుపోయింది అతనే.

"నీ ఆకుల ఏమేమున్నయో పుస్తకాలల్ల దొరికింది అవ్వా. గట్ల నాలుగు వందల మొక్కలవి తీస్కొని, కామెర్లు తెచ్చే వైరస్‌కు ఏది పడ్తదో కంప్యూటర్‌ల చూసినం, తాళానికి చెవులు పెట్టి చూసినట్టు. అన్నిట్ల నీదే మంచిగ పట్టింది. దండం పెట్టి పోదామని వచ్చిన."

"అంటే రోగం పోతదా?"

"ఇప్పుడే చెప్పరాదు. గిది లెక్క మాత్రమే. ఇంక ల్యాబ్‌ల చూడాలె, ఎలుకలకు ఇయ్యాలె..."

"ఎలుకలకా! ముప్పై ఏండ్ల సంది నేను మనుషులకే ఇస్తున్న," అని నవ్వింది దుర్గవ్వ.

పోచయ్య నవ్వలేదు. "ఎలుకలు తాగేదాక నేనుంటనా సారూ?"

సోమశేఖర్‌కు చేతిలోని చీర బరువెక్కింది. కృతజ్ఞత చెప్పుకుందామని వస్తే, ఈ మనిషి నోటి దగ్గరి మందు లాక్కున్నది తనేనని తేలింది.

"ఆకు గదే, చెయ్యి గదే. గుణం యాడికి పోతది? పోచయ్యకు మందియ్యవ్వా, నీ కాళ్లు మొక్కుత."

"కంప్యూటర్ ముచ్చట ఇడిసిపెట్టు. నీకే వస్తే నువ్వు తాగుతవా?"

అతను కాగితాల వైపు చూశాడు. అందులో అంకెలున్నాయి, ఈ ప్రశ్నకు జవాబు లేదు.

"తాగుత."

అన్నాక, ఆ మాట తన లోపల ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే అంతుపట్టలేదు.

దుర్గవ్వ ముఖం తేటపడింది. లోపలికెళ్లి, అప్పటికే నూరి పెట్టిన పసరు గిన్నెతో వచ్చింది. పోచయ్య ఆశగా రెండు చేతులూ చాచాడు. ఆమె అతన్ని దాటి వచ్చి, గిన్నెను సోమశేఖర్ చేతుల్లో పెట్టింది.

"పేరు ఎవలకు చెప్తే గుణం గాళ్ల చేతికే పోతది. నాలుగు ఆదివారాల సంది నూరి పెట్టి నీ తొవ్వ జూస్తున్న. పోచయ్యకు నువ్వే తాపు సారూ. వచ్చే వారం నుంచి జర జల్ది రావాలె!"