నాన్న పడవ నీలం

“ఇదా, అదా? తొందరగా తేల్చు, దాన్‌బి వాళ్ళమ్మా!” అంది రంగుల కొట్టు గ్వాక్.

యున్‌హే తేల్చుకోలేకపోతోంది. బల్ల మీద రెండు డబ్బాలు. రెండూ నీలాలే. ఒకటి నిగనిగలాడుతోంది. రెండోదానిలో కాస్త బూడిద రంగు కలిసింది.

పడవ మునిగి వాళ్ళాయన చనిపోయి ఏడాదైంది. అప్పట్నుంచీ ఆరేళ్ళ దాన్‌బి తన గదిలో పడుకోవడం లేదు. గోడకు నాన్న పడవ రంగు వేస్తే పడుకుంటానంది.

ఆ రంగేదో యున్‌హేకే సరిగా తెలియదు. ఆడవాళ్ళు పడవ దగ్గరికి వెళ్ళకూడదన్నది జుక్‌బ్యోన్ రేవు పట్టింపు. పిల్లనైతే నాన్న భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాడు. తను మాత్రం కాపురం చేసిన ఏడేళ్ళూ గట్టు మీంచే చూసింది.

మూల కూర్చున్న ముసలాయన వేలు చాపాడు. “అదమ్మా. బూడిద కలిసినది.”

“మిమ్మల్నెవరడిగారు?”

“ఆ పడవ నీలం అదే. నాకు తెలుసు.”

యున్‌హేకి ఒళ్ళు మండింది.

“నా మొగుడి పడవ నాకన్నా మీకెక్కువ తెలుసా తాతా? సలహాలకేం, అందరూ ఇస్తారు! ఆయన ప్రాణం పోతుంటే మాత్రం పక్కన ఒక్కరూ లేరు!”

గ్వాక్ ఏదో అనబోయింది. ముసలాయన వద్దన్నట్టు తలూపాడు. యున్‌హేకి నడుం వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు.

ఆమె పంతం కొద్దీ నిగనిగలాడే డబ్బానే కొంది. పిల్ల బడి నుంచి వచ్చేసరికి గోడంతా పూసేసింది.

దాన్‌బి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇది కాదమ్మా. నాన్నది మబ్బు పట్టినట్టుంటుంది.”

యున్‌హేకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పరుగున కొట్టుకు వెళ్ళింది.

“అక్కా, ఆ తాత ఏడీ? చేతులు పట్టుకుని క్షమించమనాలి.”

“రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయాడు. ఇంక రాడట. నిన్ను ఒక్కసారి పలకరించి పోదామని వచ్చాడు పాపం, ఇంటికి రావడానికి ధైర్యం చాల్లేదు.”

“నన్నా? ఎవరక్కా ఆయన?”

గ్వాక్ కళ్ళు తుడుచుకుంది.

“ఆ వారమే పడవలో పనికి చేరిన పొరుగూరాయన. ఆ కబురు విని నువ్వేమో స్పృహలో లేవు, ఆయనేమో ఆర్నెల్లు ఆసుపత్రిలో, ఇంక ఎవరు చెబుతారు నీకు? నాకే ఇవాళ తెలిసింది. మీ ఆయనకు అంత్యక్రియలైనా దక్కాలని, మునిగేముందు ఒరిగి తేలుతున్న ఆ పడవ నీలానికి చెంప ఆనించి, తొమ్మిది గంటలు శవాన్ని చేతుల్లోంచి జారనివ్వకుండా పట్టుకున్నది ఆయనేనమ్మా.”