పక్కింటి యంత్రం

మాట వినే కంప్యూటర్లు ఇంటింటా చేరిన కాలమది. అన్నీ ధాత్రి కంపెనీవే. అయితే ఆర్నెల్లలో సగం ఇళ్లు చేజారి వేరే కంపెనీ కొత్త యంత్రాలకు మారాయి. కారణం కనుక్కు రమ్మని కంపెనీ హైమవతిని పంపింది. ఆమె పలాసలో జీడిపప్పు ఒలిచే తవిటమ్మ ఇంటికి వెళ్లింది.

“మా ఆయనకి గుండెనొప్పొస్తే ఆస్పత్రికి పోను సెయ్యమని అరిసినానమ్మా. మీ యంత్రం ‘స్పష్టంగా మాట్లాడండి’ అంది, మూడుసార్లు. పక్కింటోల కొత్త యంత్రం నా కేక ఇని అంబులెన్సుని పిలిసింది. అందుకే బతికినాడు.”

హైమవతికి కూర్చోబుద్ధి కాలేదు. గబగబా వాకిట్లోకి వచ్చి, ఫోను స్పీకరులో పెట్టి ఆ మాటలే మేనేజరుకు చెప్పింది.

“సరేనండీ, ఆ కొత్తది మనకన్నా ఎంత చౌక?” అన్నాడాయన.

ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఆయన మళ్లీ ధరే అడిగాడు.

గుమ్మంలోంచి అంతా విన్న తవిటమ్మ ధాత్రి యంత్రాన్ని తువ్వాలులో చుట్టి హైమవతి చేతిలో పెట్టింది.

“మీ పెద్దోలకి ఇచ్చీయమ్మా. దీనికీ ఆలకీ బాగా కుదురుతాది.”