గడ్డకట్టిన కొళాయి

“మంట చూపించొద్దు బేటా, పైపు చీలిపోతుంది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి చుట్టు. కొళాయి మూతి దగ్గర మొదలెట్టి వెనక్కి పో.”

జంషెడ్‌పూర్ గోల్‌మురిలో అద్దె ఇంటి వరండాలో కూచుని తవిటయ్య ఫోన్లో హిందీలో చెబుతున్నాడు. అవతల లద్దాఖ్‌లో ఉండే ఒక బడిపంతులు. అక్కడ రాత్రి చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. వంటింటి కొళాయి గడ్డకట్టి రెండు రోజులైంది. పైపు పగిలిందంటే మార్చి దాకా బాగుచేసే నాథుడు రాడు. ఇంట్లో చూస్తే నలభై రోజుల పసిబిడ్డ.

లోపల బియ్యం ఏరుతున్న పైడమ్మ చెవులు ఇటే ఉన్నాయి. మొగుడి నంబరు ఆ పంతులికిచ్చింది తనే. ఎవరో స్నేహితుడిచ్చాడని చెప్పమన్నదీ తనే. పంతులు మరెవరో కాదు, సొంత అల్లుడు.

ఆ సంగతి బయటపడితే కొంప మునుగుతుంది. తవిటయ్య ఉక్కు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు ఆవిరి పైపులకి వేడి పోకుండా చుట్లు చుట్టిన మేస్త్రి. ఇంకా ఆరేళ్ళ సర్వీసుండగానే దిగిపోయి, ఆ ఉద్యోగం కూతురు సౌజన్యకి వచ్చేలా చేశాడు. మహాతల్లి పదకొండు నెలలు చేసింది. తర్వాత రాజీనామా పడేసి, ఇక్కడ చదువుకోవడానికొచ్చిన ఎవరో కొండల కుర్రాణ్ణి చేసుకుని పోయింది. ఏ కొండలని తవిటయ్య అడగలేదు. దాని పేరు ఈ గడపలో ఎత్తొద్దన్నాడు. మూడేళ్ళయింది, ఎవరూ ఎత్తలేదు. పైడమ్మ మాత్రం కూరల సంచీ పట్టుకుని బజారుకెళ్ళినప్పుడల్లా కూతురితో మాట్లాడుకునేది.

“ముక్కూమొహం తెలీనోడికి రోజూ ఈ పాఠాలేటి?” అని సణిగింది. సణక్కపోతే అనుమానమొస్తుందని ఆవిడ తెలివి.

“పసిపిల్లున్న ఇల్లే. నీలు లేకపోతే ఎలగ?” అన్నాడు తవిటయ్య.

సాయంత్రానికి కొళాయి కరిగింది. మళ్ళీ కట్టకుండా ఏం చెయ్యాలో తవిటయ్య పూసగుచ్చినట్టు చెప్పాడు. పైపు మీద గోనెపట్టా ఒక వరస, పాత కంబళి రెండు వరసలు, గోడవైపూ గదివైపూ ఎక్కడా సందు లేకుండా బిగించమన్నాడు. పంతులు బుద్ధిగా బిగించాడు.

పొద్దున్నే ఫోను. కొళాయి మళ్ళీ గడ్డకట్టింది, మునుపటికంటే గట్టిగా. ఇంకో రాత్రి ఇలాగే గడిస్తే పైపు దక్కదు.

తవిటయ్య ముఖం మాడిపోయింది. ముప్ఫై ఏళ్ళ పనిమంతుడికి ఇదేం ఖర్మ. టీ చల్లారిపోయినా తాగలేదు. పెరట్లో తన కొళాయికే గోనె చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి చూశాడు. పక్కింటివాళ్ళు నవ్వుకున్నారు, జంషెడ్‌పూర్‌లో నీళ్ళు గడ్డకట్టడమేమిటని. మధ్యాహ్నం భోజనం ముందు కూచున్నవాడు గబుక్కున లేచాడు.

“నా బుర్రకేటయిందే పైడీ. ప్లాంటులో వేడి పైపులోన ఉంటాది, బయటికి పోకుండా కడతాం. అక్కడ వేడి ఇంట్లోన ఉంది. దాన్ని పైపు దగ్గిరికి రానీకుండా నేనే కట్టించేసినాను.”

ఈసారి తనే ఫోన్ చేశాడు. గదివైపు చుట్లన్నీ ఊడబెరకమన్నాడు. గోడవైపు మాత్రం ఉంచి, గిన్నెలు కడిగే తొట్టి కింద అలమారా తలుపులు తెరిచిపెట్టి పొయ్యి వేడి లోపలికి పోనిమ్మన్నాడు. కొళాయి కరిగాక, రాత్రంతా దారమంత ధార వదలమన్నాడు. అంతటితో ఊరుకున్నాడా, పిల్ల మంచం ఏ గోడకుంది, తల్లి వేళకి తింటోందా, పాలు పడుతున్నాయా అని ఆరాలు మొదలెట్టాడు. తలుపు చాటున పైడమ్మ అంతా వింటోంది. ఇంకో రెండు ప్రశ్నలడిగితే ఆ అమాయకుడు పేరుతో సహా చెప్పేసేలా ఉన్నాడు. దేవుడి దయవల్ల చెప్పలేదు.

మర్నాడు ఏడింటికి ఫోను మోగింది. తవిటయ్య స్పీకరు పెట్టాడు. మాటల్లేవు, బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు. బకెట్ నిండేదాకా ఇద్దరూ వింటూ ఉండిపోయారు. పైడమ్మకి ఏడుపొచ్చింది, పొయ్యి మీద పాలు చూసే వంకతో అటు తిరిగింది.

మీ మేలు మరిచిపోను అంకుల్, ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను అన్నాడు పంతులు.  కొళాయి బాగైతే ఈ ఫోనూ ఆగిపోతుందని పైడమ్మకి ఇప్పుడే తట్టింది.

తవిటయ్య ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.  ఇంతవరకూ మాట్లాడిన హిందీ పక్కనపెట్టి, పంతులికి ఒక్క ముక్క రాని తెలుగులో అన్నాడు:

“సౌజన్యా, ఇంక పిల్లకి తానం పొయ్యమ్మా.”