కాశన్న మంత్రించిన బియ్యం

పెంచలయ్యశెట్టి పెరట్లో ఏడుగురు ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టారు. గురమ్మ చివరిది.

జర్మనీ యుద్ధం నాటి రోజులవి. మైదుకూరులో నూలు వ్యాపారం సగానికి సగం శెట్టిదే. ఆ ఏడుగురూ ఆయన పెరట్లో రాట్నాల ముందు కూర్చుని మగ్గాలకు కండెలు చుట్టేవాళ్లు. ఆ పొద్దున శెట్టి భార్య కన్యకమ్మ తలంటుకోబోతూ ఎర్రరాయి ముక్కుపుడక తీసి బావి గట్టున పెట్టింది. కళ్లలో సీకాయ మంట తగ్గి చూసేసరికి పుడక లేదు. పెరట్లో ఈ ఏడుగురు తప్ప నరపురుగు లేదు.

కన్యకమ్మ వెంటనే పెరటి తలుపుకు గడియ పెట్టించింది. కొంగులు దులిపించింది, కొప్పులు విప్పించింది, నూలు బుట్టలన్నీ బోర్లించింది. దొరకలేదు. ఇక మిగిలింది కాశన్న బియ్యమే.

కాశన్న ఆ ఊరి మంత్రగాడు. పసుపు కలిపిన పాతబియ్యం అమ్మవారి ముందు పెట్టి, ఏదో గొణిగి, మనిషికి పిడికెడు ఇస్తాడు. నీళ్లు లేకుండా నమిలి మింగాలి. తప్పు చెయ్యని గొంతు దిగనిస్తుంది, చేసిన గొంతు పట్టేస్తుంది. పోలీసులకేం తెలుసు, కాశన్నకు తెలిసినంత! మూడేళ్ల కింద గిడ్డయ్య అనే నేతగాడికి ఇలాగే గొంతు పట్టింది. మర్నాడే పెళ్లాంతో సహా కుండాచట్టీ నెత్తిన పెట్టుకుని ఊరు దాటిపోయాడు. పోయిందన్న కడియం నెల తర్వాత ఎద్దుల కొట్టంలో దొరికింది. దొరికిందని చెప్పడానికి గిడ్డయ్య ఎక్కడున్నాడని?

గురమ్మ గొంతు పట్టడానికి మంత్రం కూడా అక్కర్లేదు. ఏడాదిగా ఆమెకు మెత్తటి సంగటి ముద్దే దిగడం లేదు. రొమ్ము పైన ఎక్కడో దారి ఇరుకైపోయింది. అంబలి అయినా గుక్కగుక్కగా జారాల్సిందే. కడప ఆసుపత్రిలో ఒక దొరసాని రబ్బరు గొట్టం వేసి ఆ దారి వెడల్పు చేస్తుందని కంపౌండరు జ్ఞానరాజు చెప్పాడు. చెప్పడానికేం, చెప్తాడు. బండి కట్టుకుని అంత దూరం పోయి, నెల్లాళ్లు అక్కడ కూర్చుని తినడానికి ఏముందని? ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఈ కండెల పనే వాళ్ల కూడు. తల్లికి దొంగ అనే పేరు పడితే ఆ పూటే పొయ్యి ఆరిపోతుంది.

వక్కాకు నములుతున్నవాళ్లను ఉమ్మేసి రమ్మన్నాడు కాశన్న. ముగ్గురు లేచారు. గురమ్మకు ఆ అలవాటు లేదు. కూర్చునే ఉంది.

ఒక్కొక్కరే నమిలారు. కాశన్న ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, రెప్ప వెయ్యకుండా గొంతుముడిని చూస్తాడు. అది పైకి లేచి కిందికి దిగితే మింగినట్టు. అయినా నమ్మడు. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, దవడల సందుల్లో వేలు పెట్టి వెతుకుతాడు. ఆరోది మద్దమ్మ. దగ్గి, కళ్లనీళ్లు పెట్టుకుని, మొత్తానికి ఆమె కూడా గట్టెక్కింది.

"ఏమే గురమ్మా, ఇందాకట్నుంచి నోరే మెదపవు?" అంది కన్యకమ్మ.

గురమ్మ తల దించుకుంది. జవాబు మద్దమ్మే చెప్పింది.

"ఆ యమ్మకు గొంతు శానా బాగలేదమ్మా. మాట్లాడితే ఆయాసం. అంబలి తప్ప ఏమీ దిగదు, ఈడ అందరికీ తెలిసిందే."

గొంతు బాగలేదనడం దొంగలు మొదట చెప్పే మాటేనన్నాడు కాశన్న. గురమ్మ దోసిలి పెదవుల దగ్గర పెట్టి నీళ్లు అడిగింది. కుదరదన్నాడు. నీళ్లు తగిలితే మంత్రం కరిగిపోతుందట.

పిడికెడు బియ్యం నోట్లో పోసుకుంది. పన్ను నొప్పి ఉన్నవాళ్లలాగా ఒక పక్కనే, మెల్లగా నమిలింది. ఉమ్మి ఊరలేదు. బియ్యం పిండై అంగిటికి అతుక్కుంది. ఒకసారి మింగబోయింది. గొంతుముడి కాస్త లేచి, అక్కడే ఆగిపోయింది. శెట్టి ఒక అడుగు ముందుకేశాడు.

"మింగు తల్లీ," అన్నాడు కాశన్న. "నీ గొంతు ఆడేది నాకు అగపడల్ల."

అందరి చూపులూ ఆమె మెడ మీదే. గిడ్డయ్య నెత్తిన కుండలు కళ్లముందు మెదిలాయి. ఆ వెనకే ఇద్దరు పిల్లల ముఖాలు. గురమ్మ కళ్లు మూసుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి, ఉన్న ప్రాణమంతా కూడగట్టి తోసింది. ముద్ద అడ్డం తిరిగింది. ఊపిరి ఆడలేదు. మెడ నరాలు ఉబ్బి, ముఖం నల్లబడింది.

"మనిషి సచ్చిపోతాదప్పా," అని మద్దమ్మ లేవబోయింది.

అప్పుడు లేచింది గొంతుముడి. లేచి, దిగింది.

కాశన్న నోరు తెరిపించాడు. నాలుక ఎత్తించాడు. రెండు దవడలూ వెతికాడు. ఒక్క గింజ లేదు.

"ఈ ఏడుగురిలో తప్పు లేదు శెట్టీ. మీ పుడక ఏ కాకో ఎత్తుకపోయింటాది," అని తేల్చేశాడు.

శెట్టి గడియ తీశాడు. కన్యకమ్మకు తల కొట్టేసినట్టయింది. రోగిష్టిదాని ఉసురు పోసుకున్నానే అనుకుంటూ తనే లోపలికి పోయి చెంబెడు మజ్జిగ తెచ్చింది. మనసులో పెట్టుకోవద్దంది. గురమ్మ రెండు చేతులా చెంబు పట్టుకుని, ఆగి ఆగి తాగింది.

మజ్జిగ చల్లగానే దిగింది గానీ, బియ్యంతో పాటు దిగిన ముక్కుపుడక మాత్రం రొమ్ము నడుమ ఇంకా గుచ్చుతూనే ఉంది.