కారుకి మంచినీళ్ళు

కోడూరు ఇంకా రెండు మైళ్ళుందనగా గిరిధర్ పాత ఫియట్ బుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోయింది.

ఆ ఎండలో బానెట్ ఎత్తి, ఇంజను చల్లారేదాకా తుమ్మచెట్టు నీడన నిలబడ్డాడు. తరవాత డబ్బా పట్టుకుని రోడ్డు పక్కనున్న బోరు పంపు వైపు నడిచాడు.

“ఆ నీళ్ళు పొయ్యకండి బాబుగారూ!” నెత్తిన బిందెతో వస్తున్న రత్నం కేకేసింది. “ఉత్త ఉప్పు. మా మరిది ట్రాక్టరు ఆ నీళ్ళకే తుప్పట్టిపోయింది.”

బిందె దించి అతని ముందు పెట్టింది. “ఇయ్యి పొయ్యండి. కాలవ నించి మోసుకొస్తన్నా, మంచినీళ్ళు.”

అతను రేడియేటర్ మూతకి తడిగుడ్డ చుట్టి మెల్లగా తిప్పాడు. కారు గుటగుటా తాగింది. మిగిలిన నీళ్ళు దారికి ఉంటాయని తనే అతని డబ్బాలో పోసింది రత్నం. తాళం తిప్పగానే ఇంజను బుద్ధిగా లేచింది.

ఖాళీ బిందె చూసి గిరిధర్ మొహమాటపడ్డాడు. “మరి మీకు తాగడానికో?”

“ఇవాళ్టికి ఆ బోరు నీళ్ళేనండీ,” రత్నం నవ్వింది. “మనుషులు తాగొచ్చని పోయినేడు సంతకం పెట్టింది మీరే గదా, ఇంజనీరుగారూ. కార్లు తాగొచ్చని రాయలేదుగా!”