తెర మీద ఎర్రమచ్చ

ముసలాయన కంప్యూటరు తెర మీద వేలు పెట్టాడు.

పటాల గదిలో ఆ తెరని ఎవరూ ముట్టుకోరు. గద్ద ఊరుకోడు.

ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి అడవిలో ఎక్కడేం జరుగుతోందో చెప్పడం గద్ద పని. పైనుంచి చూస్తాడని ఆఫీసులో ఆ పేరు పెట్టారు. వెక్కిరింపుగానే పెట్టారు. అతను బిరుదనుకున్నాడు.

"వేలు తియ్యండి. మరక పడుతుంది."

ముసలాయన తీశాడు. చేతిలో తడి గొడుగు, భుజాన గుడ్డసంచి. పెద్దాఫీసువాళ్లు చూసి రమ్మన్నారని మాత్రం చెప్పాడు. దారి చూపించడానికి కూలికి పెట్టుకున్న మనిషి కాబోలు అనుకున్నాడు గద్ద.

"ఈ ఎర్రమచ్చ కొట్టేసిన అడవి కాదు బాబూ. వెదురు పూసి ఎండిపోయింది. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి."

గద్దకి ఒళ్లు మండింది. ఆ మచ్చ మీదే నివేదిక రాశాడు. మూడు వందల ఎకరాలు నరికేశారని, అడవి కాపలావాడికి తెలిసే జరిగిందని. తన పేరు మీద పెద్దాఫీసుకి వెళ్లే మొదటి కాగితం అది. వెళితే కాపలావాడి ఉద్యోగం పోతుంది. పోతే పోనీ.

"ఈ మిషన్‌కి అడవిని నేర్పిందెవరో తెలుసా మీకు?"

ముసలాయన తడి గొడుగు గోడకి ఆనించాడు. గద్దే చెప్పాడు. ఏ రంగు టేకో, ఏ రంగు వెదురో, ఏది బోడినేలో ఎవరో ఒకాయన నాలుగు వేల చోట్లు తిరిగి జాబితా రాసిచ్చాడు. దాన్నిబట్టే మిషన్ చెట్టూ పుట్టా గుర్తుపడుతుంది. ఆయన పేరు ఎక్కడా లేదు. ప్రతి చోటు కిందా ఒకటే మాట: కాలు పెట్టి చూశాను. గద్ద పని నేర్చుకున్నది ఆ జాబితాతోనే. మొహం చూడకుండానే ఆయన్ని గురువనుకున్నాడు.

"ఆయన వెదురు పూత చూసి ఉండడు బాబూ. యాభై ఏళ్లకోసారి పూస్తుంది."

"మా గురువుగారికి తప్పులు పట్టేంతవాళ్లా మీరు?"

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు ముల్లులా దిగింది.

వెదురు సంగతి ఆఫీసరమ్మ చెవిన పడింది. ముసలాయన్ని తన గదిలోకి పిలిచి, కుర్చీ వేయించి, టీ తెప్పించి గంటసేపు విన్నది. పదకొండేళ్లుగా గద్ద ఆ గదిలో నిలబడే మాట్లాడాడు. గాజు తలుపులోంచి ఆ కుర్చీని చూస్తూ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

"పెద్దాయన చూసొచ్చాకే నివేదిక పంపుదాం. వారం ఆగు," అంది ఆవిడ.

పదకొండేళ్ల చాకిరీ కంటే పొద్దున గొడుగు దులుపుకుంటూ వచ్చినవాడి మాట ఎక్కువైంది.

జీపు చీటీ రాసేది గద్దే. జీపు రిపేరులో ఉందన్నాడు. అది షెడ్డులో నిక్షేపంలా ఉంది. ముసలాయన వానలో నడిచే వెళ్లాడు.

ఐదో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఆఫీసరమ్మ క్యాంపులో ఉంది. ముసలాయన కళ్లు జ్వరంతో ఎర్రబడ్డాయి. గోడ పట్టుకుని నిలబడి, తడవకుండా చొక్కాలో దాచుకున్న నోటుపుస్తకం తీసి గద్ద చేతిలో పెట్టాడు.

"అరవై రెండు చోట్లు. మిషన్‌లోకి ఎక్కించు బాబూ. నీ పటాలు చూశాను. మంచి కన్ను నీది."

ఆ ఒక్క మాట కోసం గద్ద ఇన్నేళ్లూ చకోరంలా చూశాడు. తీరా వస్తే ఎవడి నోట వచ్చిందో అనుకున్నాడు.

పుస్తకాన్ని కింది సొరుగులో పడేశాడు. తెరిచైనా చూడలేదు. ముసలాయన మళ్లీ రానేలేదని ఆఫీసరమ్మకి చెప్పాడు. నివేదిక వెళ్లింది. వెదురు పూసిందని కాపలావాడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. దొంగ అన్నాక వాడి మాట ఎవరు వింటారు?

నెల తర్వాత, ఉద్యోగం పోయిన కాపలావాడు టార్చిలైటు, విజిల్ అప్పగించడానికి వచ్చి పటాల గది గుమ్మంలో ఆగాడు.

"పెద్దాయన నాతోనే తిరిగారు సార్. పుస్తకం మీకే ఇస్తానన్నారు. ఆయన్నొకసారి పిలిపించండి. ముగ్గురు పిల్లలు నాకు."

ఏ పుస్తకమూ తెలియదని పంపేశాడు గద్ద. తలుపు వేసి సొరుగు లాగాడు. అట్ట మీద ఫోను నంబరు ఉంది. నోరు మెదపొద్దని ముసలాయన్ని బతిమాలుకుందామని చేశాడు.

కూతురు ఎత్తింది.

"నాన్న లేరండీ. అడవి నుంచి జ్వరంతో వచ్చారు. పోయి ఇరవై రోజులైంది. మీరు పటాల గది బాబుగారేనా? మీ ఫోను వస్తుందని చివరిదాకా చూశారు."

గద్ద పెట్టేశాడు. ఇక అడిగేవాడు లేడు. మొదట కలిగింది ఊరటే.

అప్పుడు తెరిచాడు పుస్తకం.

మొదటి పేజీలో వణికిన అక్షరాలతో నాలుగు ముక్కలున్నాయి: "వెనక నేను రాసిచ్చిన నాలుగు వేల చోట్లలో పూసి ఎండిన వెదురు లేదు, ఆ తప్పు నాది, ఈ అరవై రెండూ అందులో కలపగలరు, అన్నీ కాలు పెట్టి చూశాను."